గుళికల సత్యరాజు చెయ్యి

ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశం కిందికి దిగివచ్చి కొండల మీద చతికిలబడింది. సముద్రం వైపు నుంచి రెండు రోజులుగా నడిచొచ్చిన మబ్బు, కురవటానికీ మనసు లేక, విడవటానికీ మనసు లేక, బొబ్బిలి వైపంతా బూడిద రంగులో ఆగిపోయింది. గాలి లేదు. తాటాకు చివర కూడా కదలటం లేదు.

బోరింగు దగ్గర గొంతుక్కూర్చుని చేతులు తోముకుంటున్న సత్యరాజు తలెత్తి చూశాడు. ముప్పై ఏళ్ళుగా పొద్దున్న లేవగానే అతను చేసే మొదటి పని ఆకాశం చూడటం. గాలి ఉంటే పురుగుమందు గుళికలు ఎగిరి కంట్లో పడతాయి. వాన వస్తే కొట్టుకుపోతాయి. గాలీ వానా లేని రోజు గుళికలకి మంచిరోజు. ఇవాళ చల్లవలసినవి గుళికలు కావు. అయినా కళ్ళు అలవాటు మానలేదు.

చేతులు తోమటం అది మూడోసారి. మొదట పొయ్యిలోని బూడిదతో తోమాడు. తరవాత చింతపండు పిప్పితో. ఇప్పుడు బట్టల సబ్బు. వెడల్పాటి అరచేతులు, వేళ్ళ సందుల్లో తెల్లగా పగిలిన చర్మం, నల్లబడిపోయిన కుడి బొటనవేలి గోరు. ఎంత కడిగినా అతని ముక్కుకి గుళికల వాసన అలాగే ఉంది. ఇంకెవరికీ రాదు ఆ వాసన.

"ఏటలాగ తోముతన్నావు? తోలూడొచ్చీగలదు. అవి సేతులా, అంట్ల గిన్నెలా?" అంది బేబీ, బిందె పట్టుకుని వెనక నిలబడి.

"మురికున్నాది."

"ముప్పయ్యేల్లకి కనబడిందేటి మురికి? లెగు, నీల్లట్టుకోవాల."

పెళ్ళాం బిందెకి చోటిచ్చి లేచాడు. తువ్వాలుకి తుడుచుకోకుండా, చేతులు రెండూ ముందుకి చాపి గాలికి ఆరబెట్టుకుంటూ ఇంటి వైపు నడిచాడు.

లోపల చీర ఉయ్యాల్లో మనవరాలు ఏడుస్తోంది. కూతురు శ్రావణికి పుట్టిన పిల్ల. పుట్టి అరవై రెండు రోజులు. సత్యరాజు లెక్క తప్పకుండా గుర్తుపెట్టుకున్నాడు, ఎందుకంటే ఆ అరవై రెండు రోజుల్లో ఒక్కసారి కూడా ఆ పిల్లని ముట్టుకోలేదు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తాడు. సాయంత్రం ఉయ్యాలకి రెండు బారల దూరంలో కూర్చుని చూస్తాడు. పిల్ల నవ్వితే తనూ నవ్వుతాడు, చేతులు మాత్రం చంకల్లో దాచుకుంటాడు.

"నాన్నా, ఒక్క నిమసం అట్టుకో. గంజి వంపీసొస్తాను," అంది శ్రావణి వంటింట్లోంచి.

"సేతులు తడిగున్నాయే."

"నీ సేతులెప్పుడు ఆరతాయో, దాని పెల్లి నాటికైనా ఆరతాయో నేదో!"

అతను నవ్వేసి చుట్ట వెతుక్కుంటూ బయటికి వచ్చేశాడు. నవ్వు గడప దాటేలోపే పోయింది.

*

చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ళలో అతనికి గుళికల సత్యరాజు అని పేరు. వంగ తోటలకీ అరటి తోటలకీ వేళ్ళలో నులిపురుగు పడుతుంది. మొక్క పీకి చూస్తే వేళ్ళనిండా కంతులు, దండకి గుచ్చిన పూసల్లాగా. దానికి మందు గుళికలు. ఆ గుళికలు చల్లటంలో సత్యరాజుకి సాటి లేదు. తట్ట ఎడమ చంకన పెట్టుకుని, రెండడుగులకి ఒక గుప్పెడు విసురుతూ పోతే, నాగటి చాలు మొదలు నుంచి చివరి వరకూ ఎక్కడా చిక్కన కాదు, ఎక్కడా పలచన కాదు. రైతులు అతని కోసం వారం రోజులు ఆగేవాళ్ళు. "సత్తిరాజు సేతివాసి" అనేవాళ్ళు. నారు నాటేటప్పుడు కూడా మొదటి మొక్క అతని చేతే పెట్టించేవాళ్ళు.

అతను చూసినవి మాత్రం వాళ్ళు చూడలేదు. చల్లిన కాసేపటికి వానపాములు పైకొచ్చి మెలికలు తిరిగేవి. వాటిని తినటానికి గోరింకలు దిగేవి. నాలుగడుగులు గెంతి, ఒక రెక్క మీదికి ఒరిగి, అలాగే ఉండిపోయేవి. మొదట్లో ఎండదెబ్బ అనుకున్నాడు. తరవాత వెనక్కి తిరిగి చూడటం మానేశాడు. చల్లేవాడు ముందుకే చూడాలి, వెనక్కి చూస్తే అడుగు తప్పుతుంది అని అందరికీ చెప్పేవాడు.

శ్రావణికి ముందు అతనికి ఒక కొడుకు. ఎనిమిది నెలలవాడు. పాకటం అప్పుడే నేర్చాడు. ఒక మధ్యాహ్నం సత్యరాజు గుళికలు చల్లి ఇంటికొచ్చేసరికి వాడు గడప మీద బోర్లాపడి తండ్రిని చూసి కేరింతలు కొట్టాడు. సత్యరాజు చేతులు కడుక్కోకుండానే ఎత్తుకున్నాడు. వాడు తండ్రి వేలు పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. పొద్దు గుంకేసరికి ఒళ్ళు కాలింది, ఫిట్సు వచ్చాయి. బస్సులో బొబ్బిలి ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది. మెదడుకి జ్వరం తగిలింది అన్నాడు డాక్టరు. దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు అన్నారు చర్చి అయ్యగారు. బేబీ ఏడాది పాటు ఏడ్చింది. వేలి సంగతి ఎవరూ అడగలేదు. సత్యరాజు ఎవరికీ చెప్పలేదు. నిజంగా వేలు చేసిన పనేనా, జ్వరమేనా అని అడగటానికి ధైర్యం లేకనే ఇరవై తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి.

పాలకి తోడు వెయ్యడు. కోడిపిల్లలని పట్టుకోడు. శ్రావణిని నడక వచ్చేదాకా ఎత్తుకోలేదు. మగాళ్ళకి సంటిపిల్లలంటే బెరుకు అనుకున్నారు అందరూ.

శ్రావణి కడుపుతో ఉందని తెలిసిన రోజు నుంచి గుళికల పని మానేశాడు. నడుం నొప్పి అన్నాడు.

*

ఈశ్వరి వంగ మడి ఊరి బయట, చెరువు గట్టుకి దిగువన. ముప్పై సెంట్లు. కిందటేడు గుళికలు రెండుసార్లు వేసినా వేళ్ళు కంతులు కట్టి మొక్కలు పండుబారిపోయాయి. ఈ ఏడు ఊళ్ళో వ్యవసాయ సహాయకురాలిగా పనిచేసే ఝాన్సీ వచ్చి, గుళికలు వద్దని, ఒక బూజు పొడి ప్యాకెట్లు ఇచ్చింది. పదిహేను రోజుల కిందట పశువుల పేడ మాగిన గత్తంలో, వేపపిండితో కలిపి, చింతచెట్టు నీడలో కుప్ప పోయించింది. సత్యరాజు గత్తం తట్టలతో మోశాడు గాని కలపటానికి చెయ్యి పెట్టలేదు. ఆ రోజు ఆమె చెప్పిన మాటలు అతనికి ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

"ఇది మందు కాదు తాతా. ప్రాణమున్నది. నులిపురుగు వేరులో గుడ్లు పెడుతుంది కదా, ఈ బూజు దారంలాగా సాగి ఆ గుడ్డులోకి దూరి లోపలున్నది తినేస్తుంది."

గుడ్డు అన్న మాట వినగానే సత్యరాజు చేతులు చంకల్లోకి దూర్చుకున్నాడు. "మనిసికేటీ సెయ్యదా?"

"మనిషికేమీ చెయ్యదు. మనమే దాన్ని చంపకుండా చూసుకోవాలి. ఎండ తగిలితే చస్తుంది. ఆరిపోతే చస్తుంది. పురుగుమందులూ తెగులుమందులూ దీని దరికి రానివ్వకండి."

ఆ రాత్రే సత్యరాజు మనసులో ఒక మాట అనేసుకున్నాడు. ఈ బూజు నా చేతిమీదుగా పోయి బతికితే, నా చెయ్యి విషం కాదన్నట్టే. అప్పుడు పిల్లని ఎత్తుకుంటాను. అనుకున్నాక మరింత భయపడ్డాడు. ఇది దేవుణ్ణి శోధించటం కదా, శోధించకూడదని అయ్యగారు ఎన్నిసార్లు చెప్పలేదు? బతక్కపోతే? అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళ కిందటి మాటకి కూడా జవాబు వచ్చేసినట్టే. ఆ జవాబు వినటానికి అతని దగ్గర గుండె లేదు.

ఈశ్వరి మాత్రం నిన్న సాయంత్రం కబురంపింది, చల్లటానికి సత్యరాజే రావాలని.

*

గోనెపట్టా తియ్యగానే కుప్పలోంచి వెచ్చటి ఆవిరి లేచింది. నల్లటి గత్తం మీద అక్కడక్కడా తెల్లటి నూగు, దూదిలాగా, సంటిపిల్ల నాలుక మీది పాలపూతలాగా. సత్యరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. తరవాత జేబులోంచి రెండు పాలిథిన్ కవర్లు తీసి చేతులకి తొడుక్కుని, మణికట్టు దగ్గర పురికొస చుట్టి పళ్ళతో లాగి బిగించాడు.

చాళ్ళు కప్పటానికి వచ్చిన తాతమ్మ పార మీద ఆనుకుని చూసింది. వాళ్ళ పేటదే, వరసకి మరదలు. నోరు ఊరికే ఉండదు.

"ఓలమ్మో, సూడండే సూడండి! ఇసం జల్లినన్నాల్లూ ఉత్త సేతుల్తో జల్లినాడు. పెంట జల్లడానికి మేజోల్లు తొడుక్కోనొచ్చినాడు మా బావ!"

తోటి కూలీ దుర్గ పకపకా నవ్వింది. "సేతులకి మేజోల్లేటే అప్పా?"

"దొరబాబు కదే. కాల్లకేటి, సేతులకేటి!"

సత్యరాజు తట్ట నింపుకుని చాల్లోకి దిగాడు. రెండడుగులు వేసి విసిరాడు. గత్తం కవరుకి అంటుకుని ముద్దగా ఒకచోటే పడింది. మళ్ళీ విసిరాడు. జారిపోయి కాళ్ళ దగ్గరే పడింది. పదిబారలు పోయేసరికి గట్టు మీదినుంచి ఈశ్వరి కేకేసింది. ఆమెకి ముప్పైఅయిదేళ్ళుంటాయి. మొగుడు విశాఖపట్నంలో పనికి పోతే సేద్యమంతా తనే చేసుకొస్తోంది.

"సత్తిరాజూ! ఇదేటి జల్లడం? ఒకదగ్గిర కుప్ప, ఒకదగ్గిర కాళీ. నీ సేతివాసి సూసే పిలిసినాను. ఆ కవర్లు తీసీ ముందు."

"తాతమ్మ సేత జల్లించండమ్మా. నాను కప్పుతాను."

"తాతమ్మ జల్లితే కోల్లకి గింజలేసినట్టుంతాది."

"నా సేతికేటొచ్చినాదమ్మా?" అంది తాతమ్మ.

"నీ సేతికేటీ రాలేదు, నీ నోరు ముందెల్లిపోతాది. సత్తిరాజూ, నీకే సెప్తన్నాను."

అతను చాల్లో అలాగే నిలబడ్డాడు. మబ్బు చల్లగా ఉన్నా మెడ మీద చెమట పోసింది. "నా సేతికి గుళికలున్నాయమ్మా," అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మాట అతను పైకి అనటం అదే మొదటిసారి. ఎంత చిన్నగా అన్నాడంటే ఈశ్వరి గట్టు దిగి రావలసి వచ్చింది.

"గుళికలొగ్గీసి ఏడాది కావస్తన్నాది కదా?"

"అవును."

"కడుక్కున్నావా?"

"కడుక్కున్నాను."

"ఎన్నిసార్లు?"

ఈశ్వరి అతని మొహం చూసింది. తనే వంగి, పురికొస ముడి విప్పి, కవర్లు రెండూ లాగేసి గట్టు మీదికి విసిరింది. "మబ్బు ఇచ్చుకుంటే ఎండొచ్చీగలదు. పొద్దెక్కకుండా అయిపోవాల," అని వెళ్ళిపోయింది.

సత్యరాజు తట్టలోకి చూశాడు. తరవాత కుడిచెయ్యి దించాడు. వెచ్చగా ఉంది. మెత్తగా ఉంది. ఏదో నిద్రపోతున్నదాని ఒంటి మీద చెయ్యి వేసినట్టు అనిపించి గుప్పిట బిగించలేకపోయాడు. మొదటి విసురు దగ్గరే పడింది. రెండోది పక్కకి పోయింది. నాలుగో అడుగుకి కాళ్ళు వాటి లెక్క అవి పట్టుకున్నాయి. రెండడుగులు, ఒక గుప్పెడు. రెండడుగులు, ఒక గుప్పెడు. గత్తం విసనకర్రలా విచ్చుకుని చాలునిండా సమంగా పడుతోంది. వెనక తాతమ్మా దుర్గా వెంటవెంటనే మట్టి కప్పుతున్నారు. చెయ్యి తన పని తను చేసుకుపోతోంది, భయం మాత్రం గుండెల్లో ఎక్కడిదక్కడే ఉంది. ప్రతి గుప్పెడూ విడిచేటప్పుడు, పోయింది, ఇదీ పోయింది, అనుకున్నాడు.

పదకొండు గంటలకి చివరి చాలు అయిపోయింది. అప్పుడే ఝాన్సీ స్కూటరు గట్టు మీద ఆగింది. ఒక చాలు దగ్గర మట్టి తీసి చూసి, "ఎంత సమంగా చల్లారు తాతా!" అంది.

సత్యరాజు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆమె దగ్గరికొచ్చి, "మేడమ్మా, ఇది బతికున్నాదో నేదో ఎలాగ తెలస్తాది?" అన్నాడు.

"మట్టిలో మనకి కనబడదు. తెలుసుకోవాలంటే ఈ ఎరువు గుప్పిట్లో పట్టి ముద్దలా పిండి, నీడలో పెట్టి, తడిగుడ్డ కప్పండి. వారంలో తెల్లగా వచ్చి, తరవాత వంగపువ్వు రంగు తిరిగితే బతికున్నట్టే."

ఆమె వెళ్ళిపోయాక సత్యరాజు తట్ట అడుగున మిగిలిన గత్తం గీరి కుడి గుప్పిట్లోకి తీసుకున్నాడు. ఈసారి గట్టిగా పిండాడు. నీళ్ళు కారలేదు, ముద్ద కట్టింది. దాన్ని చింతచెట్టు మొదట్లో వేళ్ళ సందున పెట్టి, తడి గోనెముక్క కప్పి, గాలికి లేవకుండా రాయి పెట్టాడు.

"ఏటి బావా, గుడ్డు పొదగేత్తన్నావా?" అంది తాతమ్మ.

"ఎవులూ ముట్టుకోకండి."

ఆ గొంతు విని తాతమ్మ మరి వెక్కిరించలేదు.

ఆడవాళ్ళు నారుకట్టలు తీసుకుని మళ్ళీ మడిలోకి దిగారు. మొదటి మొక్క సత్యరాజు చేతే పెట్టించారు. తరవాత అతను కాలువలో చేతులు ఒక్కసారి ముంచి తీసి, చెట్టుకి చేరబడి కూర్చున్నాడు. ఎడమ భుజం లాగుతోంది. తట్ట మోసిన భుజమే కదా అనుకున్నాడు.

అప్పుడు గోరింకలు దిగాయి. ఆరేడున్నాయి. అతను చల్లిన చాళ్ళలో, కప్పిన మట్టి మీద గెంతుతూ, ముక్కులతో పెళ్ళలు తిరగేస్తున్నాయి. సత్యరాజుకి ఊపిరాడలేదు. "హుష్! హుష్!" అని లేవబోయాడు, కాళ్ళు లేవలేదు. ఒక గోరింక వానపామును పట్టి లాగింది. సాగదీసి, తెంపి, మింగింది. అతను కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. అది ఇంకా గెంతుతోంది. ఇంకొకటి పట్టింది. ఏ రెక్కా ఒరగలేదు. దుర్గ నారుకట్ట దులిపిన చప్పుడికి అన్నీ ఒక్కసారిగా లేచి, చెరువు గట్టు దాటి, మబ్బు కిందుగా ఎగిరిపోయాయి. అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఏడు. దిగినవెన్నో లెక్కపెట్టుకోలేదే అని మళ్ళీ భయం వేసింది.

టీ ఫ్లాస్కు వచ్చాక తాతమ్మ కేకేసింది. "బావా, రా. సల్లారిపోతాది." తువ్వాలు మొహం మీద కప్పుకుని కునుకు తీస్తున్నాడు కదా అని గ్లాసులో పోసి పక్కన పెట్టింది. ఇంకో రెండు చాళ్ళు నాటి వచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది. గ్లాసు కదలలేదు. సత్యరాజు కదలలేదు. కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా ఉంది.

*

మర్నాడు చర్చి వెనక సమాధుల దొడ్డిలో, కొడుకు పక్కన, సత్యరాజుని పెట్టారు. తరవాతి ఆదివారం కాక ఆపై ఆదివారం ఇంట్లో ఆదరణ కూటం పెట్టారు. అయ్యగారు వాక్యం చదివి, ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. వచ్చినవాళ్ళూ ఒక్కొక్కరే లేచారు. తాతమ్మ ఒక్కతీ వడ్డించటానికి ఉండిపోయింది.

అప్పుడు వచ్చింది ఈశ్వరి. చేతిలో అడ్డాకు దొప్ప. గుమ్మం దగ్గర ఆగి, "రోజూ కాసిన్ని నీల్లు జిమ్ముతన్నాను. తీసి పారీడానికి మనసొప్పలేదు. నీ పెనిమిటి పెట్టుకున్నాది," అంది.

బేబీ దొప్ప అందుకుని చూసింది. కిటికీ గూట్లో పెట్టింది.

"కూకో అమ్మా," అంది తాతమ్మ, పీట వాల్చకుండానే, ఈవిడ మన పేటలో కూర్చుంటుందా అన్న అనుమానంతో. ఈశ్వరి చెప్పులు విడిచి వచ్చి నేల మీద కూర్చుంది. నాలుగు కంచాలు. అన్నం, పప్పుచారు, ఎండు నెత్తళ్ళ కూర. శ్రావణి పిల్లని ఎడమ చేతిమీద వేసుకుని కుడిచేత్తో కలుపుకుంది. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు. తాతమ్మ ఈశ్వరి కంచంలో ఇంకో గరిటె పప్పుచారు పోసింది.

గూట్లో అడ్డాకు మీద పిడికెడు గత్తం ముద్ద ఉంది. నాలుగు వేళ్ళ గాడులూ, బొటనవేలి గుంటా దాని మీద అలాగే ఉన్నాయి. ఆ గాడుల నిండా, ఎక్కడా చిక్కన కాకుండా, ఎక్కడా పలచన కాకుండా, వంగపువ్వు రంగు నూగు.